నాన్న, నేను, మూడు ఫ్యూజులు

“వైజాగ్‌లో హీటరెందుకు మేడమ్?” అన్నాడు మెకానిక్, బానెట్ మూసేస్తూ.

నవ్వుతూనే అన్నాడు. మామూలు రోజుల్లో అయితే నేనూ నవ్వేదాన్నే. డిసెంబరులో కూడా ఫ్యాను తిరగందే నిద్రపట్టని ఊరు మాది. కారులో ఆ నాబ్‌ని నీలం రంగు మీంచి ఎరుపు వైపు తిప్పే సందర్భం ఏడాదికి ఒక్కసారి వస్తే ఎక్కువ. అందుకే అతగాడికి నా తొందరేమిటో అర్థం కాలేదు. నేనూ విడమరిచి చెప్పలేదు. చెబితే అతని సమాధానం ఎలా ఉంటుందో తెలుసు. “నాలుగులో తిరుగుతోందిగా మేడమ్... నాలుగులో పెట్టుకుని వెళ్లిపొండి.”

అదే కదా చిక్కు!

అసలు సంగతి మొదట్నుంచీ చెప్పాలి. నాన్న 2010లో రిటైరయ్యారు. సైన్సు మాస్టారు. వచ్చిన డబ్బుల్లో కొంత పెట్టి ఓ చిన్న పెట్రోలు కారు కొన్నారు. ఏ కంపెనీదో ఎందుకులెండి, పాపం పదేళ్ల పైన మా చేత పెద్దగా ఖర్చు పెట్టించకుండా తిరిగింది. 2020లో నాన్నకు పార్కిన్సన్స్ అని డాక్టరు చెప్పాక తాళంచెవి నాకొచ్చింది. ఇచ్చేటప్పుడు నాన్న ఏమీ అనలేదు. టీవీ పక్కన మేకుకు తగిలించి ఉండే తాళాన్ని తీసి నా హ్యాండ్‌బ్యాగ్ పక్కన పెట్టారంతే. ఆ మేకుకు ఇప్పుడు క్యాలెండరు వేలాడుతోంది.

రెండేళ్లుగా ఆ కారులో గాలి ఫ్యాను ఒకటి, రెండు, మూడు నంబర్లలో తిరగడం మానేసింది. నాలుగులో పెడితే మాత్రం హోరుమంటూ తిరుగుతుంది. నేను పట్టించుకోలేదు. మా ఎండలకు ఏసీ ఎలాగూ నాలుగులోనే పెట్టాలి. చెమట ఆరితే చాలనుకునే ఊళ్లో తక్కువ గాలి ఎవరికి కావాలి!

2024 జనవరిలో లంబసింగి మీద ఓ కథనం రాయాల్సొచ్చింది. అదేనండీ, ఆంధ్రా కశ్మీరు అని మేమే పేరు పెట్టి, మేమే ఏటా చలికాలంలో ఫొటోలు వేసి జనాన్ని పంపించే ఊరు. నాన్న కూడా వస్తానన్నారు. అక్కడికి దగ్గర్లోనే, చింతపల్లిలో, ఆయన మొదటి ఉద్యోగం. సరేనని తెల్లవారుజామున బయల్దేరాం. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కుతుంటే ఎదుటి అద్దం మసకబారడం మొదలైంది. మన ఊపిర్లో ఉన్న తేమే చల్లటి అద్దానికి తగిలి నీటి పొరలా పట్టేస్తుంది కదా... చేత్తో తుడిస్తే గీతలు పడటమే తప్ప దారి కనిపించదు. హీటరు వేశాను. నాలుగులో.

అద్దం అయితే శుభ్రపడింది. కారు నిండా పిండిమర ఆడుతున్నంత చప్పుడు!

పార్కిన్సన్స్ అంటే అందరికీ తెలిసింది చేతి వణుకే. గొంతు కూడా తగ్గిపోతుందని నాకు ఇంట్లో చూశాకే తెలిసింది. ఒకప్పుడు చివరి బెంచీ దాకా వినబడిన గొంతు. ఇప్పుడు పక్క గదిలోంచి పిలిస్తే వినిపించదు. చిత్రమేమిటంటే, తగ్గిందన్న సంగతి ఆయనకు తెలియదు. తాను మామూలుగానే మాట్లాడుతున్నాననుకుంటారు. మనకే చెవుడొచ్చిందనుకుంటారు. ఈ జబ్బులో చాలామందికి అంతేనట.

ఆ రోజు ఘాట్ పొడవునా నాన్న ఏదో చెబుతూనే ఉన్నారు. చెట్లు చూపిస్తున్నారు, చెయ్యి ఊపుతున్నారు, ఒకచోట నవ్వారు కూడా. నాకు ఫ్యాను హోరు తప్ప ఒక్క ముక్క వినబడలేదు. ఫ్యాను ఆపితే అద్దం మూసుకుపోతోంది. మలుపులు చూస్తే అలా ఉన్నాయి. “ఊ... ఊ...” అంటూ తలాడించాను. కాసేపటికి నాన్న నావైపు చూసి ఊరుకున్నారు. లంబసింగి వచ్చేదాకా మళ్లీ మాట్లాడలేదు.

నలుగురితో మాట్లాడించి రాసుకునే ఉద్యోగం నాది. జర్నలిజం డిప్లొమా చేసే రోజుల్లో మొదటి పాఠమే ఎదుటివాళ్లు చెప్పేది వినడం. ఆ కథనం బాగానే వచ్చింది, మెచ్చుకున్నారు కూడా. నాకే ఆ “ఊ... ఊ...” చాలా రోజులు గుచ్చుకుంది.

* * *

డిసెంబరులో చింతపల్లి నుంచి పిలుపు. నాన్న దగ్గర తొమ్మిదో తరగతి చదివిన కుర్రాడు అదే ప్రాంతంలో పంతులుగా పనిచేసి 62 నిండి 31న రిటైరవుతున్నాడు. కుర్రాడంటున్నాను చూశారా, నాన్న అలాగే అంటారు మరి! “మాస్టారు రాకపోతే నేను శాలువా కప్పించుకోను” అని ఫోన్లో పట్టుబట్టాడట. నాన్న ఆ మాట రోజుకోసారి అమ్మకు చెబుతున్నారు.

అందుకని 21వ తేదీ శనివారం కారు మెకానిక్ దగ్గర పెట్టాను. అతను చూసిన తీరు ఐదు నిమిషాలు. తేల్చింది... డాష్‌బోర్డు మొత్తం దింపాలి, సెట్టు మార్చాలి, సామాను బయటినుంచి రావాలి, ఆరేడు వేలు చూసుకోండి, పండగ దాటాక తీసుకురండి. పండగంటే సంక్రాంతి! పక్కనున్న కుర్రాడు ఇంకో దారి చూపించాడు. “మధ్యలో ఫ్యూజు తీసేసి వైరు కలిపేద్దాం మేడమ్. డైరెక్టు. పది నిమిషాల పని.” ఆ ముక్క ఇంటికొచ్చి చెబితే, నాన్నకు ఎప్పుడూ రాని కోపం వచ్చింది.

“డైరెక్టా? కాలిపోవడానికా?”

ఆదివారం పొద్దున్నే లుంగీ మీద స్వెట్టరు వేసుకుని (మాకు చలి లేదు, ఆయనకుంది) కారు దగ్గరకొచ్చి నిలబడ్డారు. ఒక్క స్క్రూ విప్పకుండా, నాబ్ నాలుగుసార్లు తిప్పి చూసి జబ్బేమిటో చెప్పేశారు.

“నాలుగులో తిరుగుతోందంటే మోటారు బాగున్నట్టే కదా. ఒకటీ రెండూ మూడూ మూకుమ్మడిగా పోయాయంటే ఆ మూడింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో పోయినట్టు. మన పాత ఫ్యాను రెగ్యులేటరు గుర్తుందా, చెక్క పలక మీద పెద్ద డబ్బా?”

గుర్తుండకపోవడమేం! మీ ఇళ్లలోనూ ఉండే ఉంటుంది. చిన్నప్పుడు దాని మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది. లోపల తీగ చుట్టలుంటాయి. ఒకటో నంబరులో కరెంటు ఆ తీగంతా తిరిగొస్తుంది, దారిలో కొంత వేడిగా ఖర్చయిపోయి ఫ్యానుకు తక్కువ చేరుతుంది. ఆఖరి నంబరులో తీగతో పనిలేకుండా నేరుగా వెళ్తుంది. కారులోనూ అదే పద్ధతి. రెసిస్టరంటారు. మూడు నంబర్లూ తీగల మీదుగా, నాలుగోది సూటిగా. ఆ తీగలు మరీ వేడెక్కితే చుట్టూ ఉన్న ప్లాస్టిక్కు అంటుకోకుండా మధ్యలో ఓ కాపలాదారు ఉంటాడు. థర్మల్ ఫ్యూజు. ఇన్ని డిగ్రీలు దాటితే తెగిపోవాలని దానికి ముందే రాసిపెట్టి ఉంటుంది. ఒకసారి తెగిందా, ఇక అంతే, మళ్లీ అతుక్కోదు. మెకానిక్ షాపు కుర్రాడు కలిపేద్దామన్నది ఈ కాపలాదారు కుర్చీలో మామూలు తీగను కూర్చోబెట్టడం అన్నమాట.

బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పించారు ముందు. తర్వాత ఎడమవైపు సీటు ముందున్న సామాన్ల అర దింపాలి. అక్కడ మోకాళ్లు మడిచి, తల కిందికి పెట్టి, టార్చి నోట్లో పట్టుకుని... ఆ భంగిమ ఏ ఆసనమో యోగా పేజీ చూసే మా సహోద్యోగిని అడగాలి. డాష్‌బోర్డు దింపక్కర్లేదు. రెండంటే రెండు స్క్రూలు. ప్లగ్గు ఊడదీసి లాగితే అగ్గిపెట్టెంత పలక, దానికి స్ప్రింగుల్లాంటి తీగలు బయటికొచ్చాయి. ప్లగ్గు కాలి గోధుమ రంగు తిరిగిందేమో చూడమన్నారు నాన్న. లేదు. “అయితే బతికిపోయాం” అన్నారు.

బీరువా పైనుంచి ఆయన పాత మల్టీమీటరు దిగింది. తీగలన్నీ బాగున్నాయి. వాటి మధ్య వెండి రంగులో, బియ్యపు గింజకు అన్నలా ఉన్న చిన్న గొట్టం దగ్గర ముల్లు కదల్లేదు.

“ఇదే” అన్నారు నాన్న. కళ్లద్దాలు పైకి జరిపి, గొట్టాన్ని ముక్కు దగ్గరగా తెచ్చుకుని చదవబోయారు. చెయ్యి వణుకుతోంది, అక్షరాలు నిలబడటం లేదు. నేను తీసుకుని చదివాను. 184 డిగ్రీలు. పక్కనే ఎన్ని ఆంపియర్లో. రెండూ కాగితం మీద రాసుకోమన్నారు. డిగ్రీలు ఎక్కువైనది పెడితే తెగాల్సినప్పుడు తెగదు, ఆంపియర్లు తక్కువది పెడితే అనవసరంగా తెగుతుంది.

సోమవారం ఆఫీసు నుంచి వస్తూ డాబాగార్డెన్స్‌లో ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్టుకెళ్లి చీటీ చూపించాను. “కుక్కరుకా మేడమ్?” అన్నాడు కొట్టతను. అప్పుడు తెలిసింది, కరెంటు రైస్ కుక్కర్ల కింద కూడా ఉండేది ఇదే జాతి అని. నీళ్లు పోయకుండా కుక్కరు ఆన్ చేసి మర్చిపోతే ఇల్లు తగలబడకుండా కాపాడేది, ఆ తర్వాత కుక్కరు మళ్లీ వెలక్కపోవడానికి కారణమయ్యేది ఈ గింజే. ఒక్కోటీ పాతిక రూపాయలు. ఎందుకైనా మంచిదని మూడు కొన్నాను.

ఇంటికి రాగానే వాటిని చూసి అమ్మ, “మన కుక్కరు విప్పారా ఏంటి?” అంది. కాదని ఎంత చెప్పినా నమ్మకుండా కుక్కరును తీసుకెళ్లి మంచం కింద పెట్టుకుంది. నాన్న ఒకప్పుడు కాఫీ ఫిల్టరు తప్ప ఇంట్లో అన్నీ విప్పిన మనిషి. ఆవిడ భయం ఆవిడది.

* * *

25 క్రిస్మస్ సెలవు. వరండాలో పాత పేపర్లు పరిచి, సోల్డరింగ్ ఐరన్ వేడిచేశాం.

నాన్నకు సోల్డరింగ్ కొట్టినపిండి. చింతపల్లిలో ఉన్న రోజుల్లో బడి అయ్యాక చుట్టుపక్కల ఊళ్ల వాళ్ల ట్రాన్సిస్టర్ రేడియోలు బాగుచేసిపెట్టేవారు. నాకు స్కూల్లో ఉండగానే నేర్పించారు. నేను సగంలో వదిలేశాననుకోండి. ఇప్పుడు ఐరన్ నా చేతిలో ఉంది. నాన్న చెబుతున్నారు.

ఇక్కడో తిరకాసుంది, వినండి. సోల్డరు కరగాలంటే సుమారు 190 డిగ్రీలు కావాలి. ఐరన్ మొన 300 దాటి ఉంటుంది. మనం అతకబోయేదేమో 184కే తెగిపోయే వస్తువు. మంచు ముద్దకు వేడి పెనం మీద పెళ్లి చేసినట్టు! నాన్నకు ఆ సంగతి తెలియక కాదు. పాత జర్మేనియం ట్రాన్సిస్టర్లు కూడా వేడికి చచ్చిపోయేవట. వాటి కాలిని సన్నమూతి పట్టకారతో నొక్కి పట్టుకుని అవతలి కొసన అతికేవారు. వేడి పట్టకారలోకి దిగిపోతుంది, లోపలికి పోదు. “వందల్లో అతికాను అలాగ. నేను పట్టుకుంటాను, నువ్వు తాకించి తీసెయ్. మూడు లెక్కపెట్టేలోపు అయిపోవాలి.”

పార్కిన్సన్స్ వణుకుకు ఓ గుణముంది. చెయ్యి ఊరికే ఒళ్లో ఉన్నప్పుడు వణుకుతుంది, ఏదైనా అందుకోబోతే తగ్గుతుంది. అది చూసి మేం మోసపోతుంటాం. కానీ ఒక వస్తువును కదలకుండా అలాగే పట్టుకోమంటే, పది సెకన్లు గడిచాక ఎక్కడినుంచో మళ్లీ వచ్చేస్తుంది.

నాన్న పట్టకార పట్టుకున్నారు. చెయ్యి నిలకడగానే ఉంది. నేను ఐరన్ తాకించాను. అలవాటు తప్పిన చెయ్యి కదా, సోల్డరు మొదటిసారి అంటుకోలేదు. మళ్లీ తాకించాను. అంతలో పట్టకార జారింది. జారడం నేను చూశాను. ఐరన్ తియ్యాలని తోచలేదు. ఒక్క క్షణం... అంతే.

మల్టీమీటరు పెట్టాను. ముల్లు కదల్లేదు.

“నేనే ఎక్కువసేపు ఉంచేశాను నాన్నా” అన్నాను.

“నువ్వు సరిగ్గానే చేశావు. నా చెయ్యి” అన్నారు. పట్టకారను పేపరు మీద పెట్టి, లేచి లోపలికి వెళ్లి మంచం మీద అటు తిరిగి పడుకున్నారు.

పాతిక రూపాయల వస్తువు. ఇంకా రెండున్నాయి. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, నా మొహం చూసి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయింది. ఫ్లోరిడాలో ఉన్న అన్నయ్య ఆ రాత్రే వీడియో కాల్‌లో, “ఆ డొక్కు అమ్మేసి కొత్తది కొనమ్మా, నేను డబ్బు పంపిస్తా” అన్నాడు. మంచికే అన్నాడు. నాన్న వినేలా అనకుండా ఉంటే బాగుండేది.

నిద్రపట్టక, పాడైన పాత ఫ్యూజును లైటు కింద పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. అది సోల్డరుతో అతికినట్టే లేదు! రెండు తీగలనూ సన్నటి లోహపు తొడుగులో దూర్చి, తొడుగును బిగించి నొక్కేశారు. తర్వాత ఆలోచిస్తే సబబే అనిపించింది. వేడెక్కే చోట సోల్డరు పెడితే అదే కరిగి ఊడొచ్చినా రావచ్చు. కంపెనీవాళ్లు నిప్పుతో పనే పెట్టుకోలేదు.

పొద్దున్న కాఫీ ఇస్తూ నాన్నకు చూపించాను. కప్పు పక్కన పెట్టి చాలాసేపు చూశారు.

“క్రింపింగు” అన్నారు. “రేడియోల్లో ఇది లేదు.”

కరెంటు సామాన్ల కొట్లో ఆ తొడుగులు దొరికాయి. నొక్కే పరికరం మా వీధి చివర ఎలక్ట్రీషియన్ దగ్గర ఓ సాయంత్రానికి తెచ్చుకున్నాను. చూడ్డానికి అడకత్తెరలా ఉంటుంది. తీగలు రెండూ తొడుగులో కలిసేలా నేను పట్టుకున్నాను. నొక్కడానికి నాకు బలం చాల్లేదు. తొడుగు సగం నొక్కుకుని ఆగింది.

“ఇలా ఇవ్వు” అన్నారు నాన్న.

బలానికేం లోటు లేదు ఆయన చేతుల్లో. ఇప్పటికీ పచ్చడి జాడీ మూత ఇంట్లో ఆయనే తియ్యాలి. రెండు చేతులతో ఒక్క నొక్కు. టక్. రెండో వైపు ఇంకో టక్. మీటరు ముల్లు చివరిదాకా వెళ్లింది. వణికే చేత్తోనే నాన్న మీటరు అద్దాన్ని ఒకసారి తుడిచారు.

రెసిస్టరు బిగించి, బ్యాటరీ తగిలించి తాళం తిప్పాను. ఒకటి. గాలి సన్నగా. రెండు. మూడు. నేనూ నాన్నా మాట్లాడుకోలేదు. అమ్మ వచ్చి, “అయితే ఇక కుక్కరు బయటికి తియ్యొచ్చా?” అంది.

* * *

ఇక్కడితో అయిపోతే ఈ కథ రెండు ఫ్యూజుల కథ అయ్యేది.

శనివారం ఆఫీసు నుంచి వస్తున్నా. రెండో నంబరులో పెట్టుకుని ఇరవై నిమిషాలైందేమో, కంచరపాలెం దగ్గర ఫ్యాను చప్పున ఆగిపోయింది. మూడు, లేదు. ఒకటి, లేదు. నాలుగు... హోరు!

చెప్పడానికి మనసొప్పలేదు. చెప్పకపోతే దాగే సంగతి కాదు. నాన్న కోప్పడలేదు, దిగులుపడలేదు. క్లాసులో మొద్దు పిల్లను చూసినట్టు చూశారు.

“మొదటిది ఎందుకు పోయిందో అడిగావా?”

అడగలేదు. నేనే కాదు, ఆయనా అడగలేదు. కాకపోతే మాస్టార్లకు ఆ సంగతి ఒప్పుకునే అలవాటుండదు.

ఫ్యూజు వేడికి తెగుతుంది. వేడి ఎందుకొచ్చింది? రెసిస్టరును ఊరికే ఆ మూల పెట్టలేదు. ఫ్యాను విసిరే గాలికి అడ్డంగా పెట్టారు, ఆ గాలే దాన్ని చల్లబరుస్తుందని. గాలి తగ్గితే తీగలు కాగిపోతాయి. ఫ్యాను బరువుగా తిరిగితే కరెంటు కూడా ఎక్కువ లాగుతుంది. కాపలాదారు తన పని తాను చేశాడు. మనం కాపలాదారును మార్చాం, దొంగను వదిలేశాం.

ఆదివారం 29. మళ్లీ అదే ఆసనం, మళ్లీ నోట్లో టార్చి. ఈసారి ఫ్యానునే దింపాను. మూడు స్క్రూలు. దింపగానే నా మొహం మీద పడింది చూడండి, గుప్పెళ్లకొద్దీ ఎండుటాకులు! మా గేటు ముందున్న కానుగ చెట్టువి. కారు ఏళ్ల తరబడి దాని నీడలోనే ఉంటుంది. ఎదుటి అద్దం కింద ఉండే జల్లెడలోంచి ఆకులు లోపలికి జారతాయి. మా పాత కారులో గాలిని వడపోసే ఫిల్టరు లేదు. నేరుగా ఫ్యాను బుట్టలోకే. ఆకులతోపాటు ఏ ఎలుకో పీక్కొచ్చిన కాగితం ముక్కలు కూడా. ఒకదాని మీద రంగుల అచ్చు. తుడిచి చూద్దును కదా, మా ఆదివారం అనుబంధమే! నా వ్యాసాలకు ఇంతకన్నా లోతుగా వెళ్లిన పాఠకులు లేరు.

బ్రష్షుతో ఒక్కో రెక్కా తోమాను. నాన్న ముక్కాలి పీట మీద కూర్చుని ఆకులు ఏరి చేటలో వేశారు. ఫ్యానును వేలితో తిప్పితే ఆగకుండా తిరగాలి, గరగరమనకూడదు. మోటారు బేరింగు బాగుందో లేదో తెలిసేది అలాగేనట. తిరిగింది. ఆఖరి ఫ్యూజు. నేను పట్టుకోవడం, నాన్న నొక్కడం. టక్, టక్.

ఈసారి సంబరం అప్పుడే వద్దన్నారు. రెండో నంబరులో పెట్టి గంటసేపు చూద్దాం అన్నారు. గేటు బయట, కిటికీలన్నీ దింపుకుని, ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని కూర్చున్నాం. దారిన పోయేవాళ్లు ఎక్కడికో బయల్దేరుతున్నామనుకుని “ఎక్కడికి మాస్టారూ?” అని అడిగారు. ఎక్కడికీ కాదన్నారు నాన్న. గంటంపావు గడిచింది. పెట్రోలు ముల్లు ఓ గీత దిగింది. ఫ్యాను ఆగలేదు.

* * *

31వ తేదీ మంగళవారం తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. చింతపల్లి దాకా సుమారు 130 కిలోమీటర్లు. అనకాపల్లి దాటి నర్సీపట్నం చేరేసరికి ఇంకా చీకటే. టీ తాగి ఘాట్ మొదలుపెట్టాం. అద్దం మసకబారడం మొదలైంది. నాబ్ ఎరుపు వైపు తిప్పి, గాలి అద్దం మీదికి మళ్లించి, ఏసీ మీట కూడా నొక్కాను. చలిలో ఏసీ ఏమిటంటారా? గాలిలో తేమను అది లాగేస్తుంది, తర్వాత హీటరు ఆ పొడిగాలిని వెచ్చబెడుతుంది, అద్దం తొందరగా తేటపడుతుంది. ఇంజిన్‌లోంచి తిరిగే వేడినీళ్లే హీటరుకు పొయ్యి కాబట్టి ఇంజిన్ వేడెక్కేదాకా ఓపికపట్టాలి. మాకు ఆ బాధ లేదు, రెండు గంటలుగా నడుస్తూనే ఉంది.

ఫ్యాను రెండులో పెట్టాను. అద్దం కింది అంచు నుంచి మెల్లగా రెండు కిటికీలు తెరుచుకున్నట్టు దారి కనిపించింది.

“ఈ రోడ్డు ఇలా ఉండేది కాదు” అన్నారు నాన్న.

వినిపించింది!

“ఎలా ఉండేది?”

చెప్పుకొచ్చారు. 1976 డిసెంబరు. ఉద్యోగంలో చేరిన కొత్త. వయసు 24. పెంకుటింట్లో ఓ గది. సముద్రం పక్కన పెరిగిన మనిషికి ఆ చలి ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేదు. రెండు దుప్పట్లు చాల్లేదు. నాలుగో రాత్రికి నిర్ణయించేసుకున్నారట, పొద్దున్నే బస్సెక్కి దిగిపోవాలని. ట్రంకు పెట్టె సర్దేశారు. ఎవరో తలుపు కొట్టారు. తొమ్మిదో తరగతి కుర్రాడు, చేతుల్లో గోనెపట్టా, దాని మీద మట్టి కుంపటి, నిండా ఎర్రటి బొగ్గులు. “మాస్టారు వణుకుతున్నారని మా అమ్మ ఇచ్చింది” అన్నాడట.

“నేనేం చేశానో తెలుసా? లేచి కిటికీ తెరిచాను. మూసిన గదిలో బొగ్గులు పెడితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, నిద్దర్లోనే ప్రాణం పోతుంది కదా. వాడు పకపకా నవ్వాడు. చలికని కుంపటి తెస్తే కిటికీ తీస్తారేంటి మాస్టారూ అని. మర్నాడు ఆ పాఠమే చెప్పాను.”

“మరి బస్సు?”

“వెళ్లిపోయింది.”

ఇవాళ శాలువా కప్పించుకోబోయేది ఆ కుర్రాడే. నాకు పెళ్లయి, పిల్లాడు బడికెళ్తున్నాడు. ఈ సంగతి ఇన్నేళ్లలో ఎప్పుడూ వినలేదు.

లంబసింగి దగ్గర పొగమంచు దట్టంగా ఉంది. పర్యాటకుల కార్లు బారులు తీరి ఉన్నాయి. అన్నీ చెరువులవేనం మీంచి మబ్బులు చూడ్డానికి వచ్చినవే. ఆగుదామా అంటే వద్దన్నారు. తిన్నగా చింతపల్లి వైపు పోనిచ్చాను. నాన్న చెయ్యి ఒళ్లో వణుకుతోంది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని కూర్చున్నారు.

“నాన్నా... జనవరిలో ఇదే దారిలో ఏదో చెప్పారు కదా, నవ్వారు కూడా. ఈ కుంపటి సంగతేనా?”

“జనవరిలోనా?” కాసేపు ఆలోచించారు. “కాదు. అది వేరే. అది మీ అమ్మ సంగతి.”

“చెప్పండి.”

“ఆ గాలి కొంచెం తగ్గించు” అన్నారు.

ఒకటిలో పెట్టాను.